ఎముకలో కణితి: విరిగేదాకా ఆగకండి

క్యాన్సర్ ఎముకకు పాకిన మనిషి "కాలు మోపితే తొడలో పోటు, కూర్చుంటే తగ్గిపోతోంది" అన్నారంటే, స్కాన్ చూసి డాక్టరు చెప్పేదాకా ఆ కాలి మీద బరువు పడనివ్వకండి. నడుం నొప్పి అనుకుని మాత్రలతో వారాలు గడిపేసేది సరిగ్గా ఇక్కడే.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారని నిశ్చింతగా ఉండకండి. ఎముకలో ఖనిజం 30 నుంచి 50 శాతం పోతేగానీ ఆ గుల్లతనం ఎక్స్‌రేకి చిక్కదు. తీయించేటప్పుడు తుంటి నుంచి మోకాలిదాకా ఎముక మొత్తం, ఎదురుగా ఒకటి, పక్కగా ఒకటి తీయించాలి. పైన ఉన్న మచ్చ (క్యాన్సర్ తినేసిన చోటు) చూసుకుని ఎముక లోపల లోహపు రాడ్ వేశాక, కింద మరో మచ్చ బయటపడితే రాడ్ చివర దగ్గరే విరగొచ్చు.

చేతి, కాలి ఎముకలు విరిగే ముప్పు ఎంతో చూసేందుకు డాక్టర్లు వేసే లెక్క ఒకటుంది, 1989లో మిరెల్స్ అనే డాక్టరు ఇచ్చింది. చోటు, నొప్పి, మచ్చ తీరు, దాని సైజు: ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు. తొడ ఎముక పైకొసలో మచ్చ ఉంటే 3, అడుగేస్తే నొప్పికి 3, ఎముక కరిగిపోయి ఉంటే 3, మందంలో సగం తినేస్తే 2. మొత్తం 11. తొమ్మిది వస్తే చాలు, విరక్కముందే రాడ్ వేయమంటారు. ఎనిమిది దగ్గరే తకరారు. పైగా ఈ లెక్కకు భయం ఎక్కువ, విరగని ఎముకల్నీ విరిగేవాటిలో వేసేస్తుంది. అందుకే నా ఓటు సీటీ స్కాన్‌కి: ఎముక గట్టి పెంకు పొడవునా 30 మిల్లీమీటర్లకు మించి తినేసిందా, చుట్టుకొలతలో సగం పోయిందా అన్నది అందులో తేటగా తెలుస్తుంది.

వెన్నెముకకు ఈ మార్కులు పనికిరావు, దాని లెక్క వేరు. కాళ్లు చచ్చుబడుతున్నా, మూత్రం ఆగిపోయినా అదే రోజు ఎమ్మారై కావాలి. మైలోమా (ఎముక మజ్జలో పుట్టే క్యాన్సర్) ఉన్నవారికి బోన్ స్కాన్ ఒక్కటే చాలదు, మచ్చలు అందులో తప్పించుకుంటాయి.

ఒకటే మచ్చ ఉండి, ఇంతకుముందు క్యాన్సర్ లేనివారైతే ముక్క తీసి పరీక్షించకుండా రాడ్‌కి ఒప్పుకోకండి. అది ఎముకలోనే పుట్టిన క్యాన్సరైతే, రాడ్ దారిలో ఎముకంతా పాకుతుంది.

స్కాన్ బల్ల మీదికి ఎక్కించేటప్పుడు ఒకరు కాలిని తుంటి కింద, మోకాలి కింద పట్టుకోవాలి. పాదం పట్టుకుని తిప్పొద్దు, మెలిపడితే విరిగేది అప్పుడే. పాత ఫిల్ములు కూడా వెంట తీసుకెళ్లండి.