అక్షరాలకి రంగులు నిజంగా కనిపిస్తున్నాయా? ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా

"క ఎరుపు, 5 ఆకుపచ్చ" అనే పిల్ల మీ ఇంట్లో ఉంటే కళ్ల డాక్టరు దగ్గరకి పరిగెత్తకండి, అది కంటి జబ్బు కాదు. సినెస్థీషియా అంటారు, 1880లోనే ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త దీని గురించి రాశాడు. నల్ల ఇంకు నల్లగానే కనిపిస్తాది, దాంతోపాటు ఇంకో రంగు బుర్రలో దానంతటదే వచ్చేస్తాది. కొద్దిమందికైతే కాగితం మీదే ఉన్నట్టుంటాది.

కావలసినవి పెద్దగా ఏం లేవు. విజయనగరంలో ఏదైనా పెయింట్ షాపులో అడిగి ఒకేలాంటి షేడ్ కార్డులు రెండు తెచ్చుకోండి, పిల్లకి చూపించేదాని మీద పేర్లు, నెంబర్లు టేపుతో మూసెయ్యండి, రెండోది మీరు రాసుకోడానికి. తెల్ల చీటీల మీద నల్ల పెన్నుతో ఓ ముప్పై అక్షరాలు, పది అంకెలు రాయండి. ఫోన్‌లో రంగులు చూపించొద్దు, బ్రైట్‌నెస్ మారితే షేడ్ మారిపోతాది. పగటి వెలుగులో, అరుగు మీద, అంతే.

చీటీ చూపించి "దీనికి రంగేమైనా ఉందా?" అనాలి. "ఏ రంగు?" అంటే ఎవరైనా ఏదో ఒకటి చెప్పేస్తారు. ఉందంటే కార్డు మీద వేలు పెట్టి చూపించమని, మీ కార్డులో దాని నెంబరు చూసి రాసుకోండి. లేదంటే లేదనే రాసుకోండి.

ఇక అందరూ పాడుచేసేది రెండోసారి అడిగే దగ్గర. అదే సాయంత్రం మళ్లీ అడిగేస్తారు, లేదా "మళ్లీ అడుగుతాను, గుర్తుంచుకో" అని ముందే చెప్పేస్తారు, ఇంకేటి టెస్టు? అది జ్ఞాపకశక్తి పోటీ. చుట్టాలొస్తే "మావయ్యకి నీ రంగులు చెప్పమ్మా" అని ప్రదర్శన పెడతారు చూడండి, అలా చెప్పించిన ప్రతిసారీ పిల్ల బట్టీ పడుతున్నట్టే. నోరు మూసుకుని చీటీలు బీరువాలో పడెయ్యండి. సంక్రాంతికి అడిగితే మళ్లీ దసరా తర్వాతొచ్చే సిరిమాను పండగకే, చీటీలు కలిపేసి, చెప్పాపెట్టకుండా అడగాలి.

ఈలోగా రంగులు కనిపించని పెద్దాళ్లెవరికైనా ఇదే టెస్టు పెట్టి, గుర్తుంచుకోమని చెప్పి మరీ, వారానికే మళ్లీ అడగండి. వాళ్లకి అంత వెసులుబాటు ఇచ్చినా పిల్లే ముందుంటే అది బట్టీ కాదన్నమాట. 1993లో ఇంగ్లండ్ మనస్తత్వ శాస్త్రవేత్త సైమన్ బారన్-కోహెన్ బృందం ఇలాంటి పరీక్షే చేస్తే సినెస్థీషియా ఉన్నవాళ్లు ఏడాది తర్వాత కూడా 92 శాతం దాకా అవే రంగులు చెప్పారు, మిగతావాళ్లు వారానికే 38 శాతం దగ్గర ఆగిపోయారు. మీరు చూడాల్సింది ఆ తేడానే. "రెండూ ఎరుపే కదా" అని మార్కులు వేసెయ్యొద్దు, మొదట ఇటుక రంగు చూపించి తర్వాత కుంకుమ రంగు చూపిస్తే తప్పే. పక్క షేడ్ అయితే పోన్లే అనుకోవచ్చు.

ఒకే పూటలో తేల్చే కంప్యూటర్ టెస్టులూ ఉన్నాయి, ఒక్కో అక్షరం మూడేసిసార్లు అడుగుతాయి. ఇంట్లో చేసేదానికి మాత్రం నెలల ఎడమే ఉండాలి.

"గోడ మీద చార్టు చూసి నేర్చుకుందిలే" అని కొట్టిపారేసేవాళ్లూ ఉంటారు. అయితే ఏటి? చిన్నప్పుడు ఆడుకున్న అయస్కాంత అక్షరాల రంగులే పెద్దయ్యాక కూడా కనిపిస్తున్నవాళ్లు 11 మంది అమెరికాలో దొరికారు, 2013లో అచ్చైంది ఆ పరిశోధన. రంగు ఎక్కడినుంచి వచ్చిందన్నది వేరే సంగతి.

ఇది కుటుంబాల్లో వస్తాది కాబట్టి అమ్మకీ తమ్ముడికీ కూడా పెట్టండి, కానీ విడివిడిగా. ఒకరి క ఎరుపు, ఇంకొకరి క నీలం, పక్కపక్కన కూచోబెడితే టెస్టు మానేసి కొట్టుకుంటారు.