త్సెదాకా: లెక్క, వరుస, ఇచ్చే తీరు

యూదు సంప్రదాయంలో మంచి పని మనసు కరిగినప్పుడు చేసేది కాదు. మిత్స్వా అంటే ఆజ్ఞ. పేదలకు ఇవ్వడాన్ని త్సెదాకా అంటారు, ఆ మాట పుట్టింది న్యాయాన్ని చెప్పే ధాతువు నుంచి. అందుకే దానికి ఒక లెక్క, ఒక వరుస ఉన్నాయి. సాయం మీదే బతికే పేదవాడు కూడా తనకు అందినదాంట్లోంచి కొంచెం ఇవ్వాల్సిందే.

ముందు లెక్క. 1565లో వెనిస్‌లో అచ్చయిన షుల్హాన్ అరూఖ్ అనే ధర్మశాస్త్రం ప్రకారం సంపాదనలో ఐదో వంతు ఇస్తే ఉత్తమం, పదో వంతు మధ్యస్థం, అంతకు తగ్గితే పిసినారితనం. ఐదో వంతు మించకూడదని కూడా పెద్దలు కట్టడి చేశారు. ఇచ్చిన చేయే రేపు చాచాల్సి రాకూడదు కదా.

జీతంలో పన్నులు పోను 10,000 షెకెళ్లు (ఇజ్రాయెల్ డబ్బు) చేతికొస్తే 1,000 పక్కన పెట్టండి. వ్యాపారస్తులు సరుకు, దుకాణం అద్దె, కూలి తీసేశాక వచ్చిన లాభం మీద లెక్కేస్తారు. తాముండే ఇంటి అద్దె, కిరాణా మాత్రం తీసేయకూడదు. చాలామంది తప్పేది ఇక్కడే: ఇంటి ఖర్చులన్నీ పోయాక పదో వంతు తీద్దామంటే నెలాఖరుకు తీయడానికి ఏమీ ఉండదు. జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి మార్చేయండి. పూరీమ్ పండుగనాడు ఇద్దరు పేదలకు చెరొకటి ఇవ్వాల్సిన కనీస దానాన్ని ఈ సొమ్ములోంచి తీయకూడదు, అది వేరే బాధ్యత. ఇంకో జాగ్రత్త: 'ఇస్తాను' అని నోరు జారితే మొక్కుకున్నట్టే లెక్క. అందుకే మాటిచ్చేటప్పుడు 'బ్లీ నేదెర్', అంటే 'ఇది మొక్కు కాదు' అని చేరుస్తారు.

ఎవరికి ముందు? ఇబ్బందుల్లో ఉన్న బంధువులకు, తర్వాత సొంతూరి పేదలకు, ఆ తర్వాత పొరుగూరివాళ్లకు. ఆకలి అంటూ వచ్చినవాణ్ని ఆరా తీయకుండా అన్నం పెట్టాలి. ముక్కూమొహం తెలియని మనిషి బట్టలు అడిగితే మాత్రం విచారించి ఇవ్వవచ్చు. 

ఇచ్చే తీరుకు 12వ శతాబ్దంలో మైమోనిడెస్ అనే యూదు ధర్మశాస్త్ర పండితుడు ఎనిమిది మెట్లు కట్టాడు. అట్టడుగున మొహం చిట్లించుకుని ఇవ్వడం. దాని పైన, తక్కువైనా నవ్వుతూ ఇవ్వడం. ఆపైన అడిగాక తగినంత ఇవ్వడం, దానికి పైన అడగకముందే ఇవ్వడం. తర్వాతి మూడూ గుట్టుకు సంబంధించినవి. మొదటిదానిలో దాత నాణేలు గుడ్డలో మూటగట్టి వీపున వేసుకుని నడిస్తే పేదలు వెనకనుంచి తీసుకునేవారు. ఎవరు తీశారో ఇచ్చినవాడికి తెలిసేది కాదు. అంతకన్నా మేలు, పుచ్చుకునేవాడికే దాత ఎవరో తెలియకపోవడం. ఇంకా మేలు ఇద్దరికీ తెలియకపోవడం. కాబట్టి నమ్మకమైన నిధికి ఇచ్చి పంచమనడం మంచి పద్ధతి.

అన్నిటికన్నా పై మెట్టు మనిషి కూలబడకముందే పట్టుకోవడం: అప్పో, ఉద్యోగమో, భాగస్వామ్యమో ఇచ్చి తన కాళ్లమీద నిలబెట్టడం. గెమాఖ్ అనే వడ్డీలేని అప్పుల నిధులు నడుస్తున్నది ఈ ఉద్దేశంతోనే. సాక్షుల ముందు గానీ పత్రం రాసుకుని గానీ ఇవ్వండి, లేకపోతే మంచి పనే తగాదా అవుతుంది. తీసుకున్నవాడికి అప్పు తీర్చే స్తోమత లేదని తెలిశాక అతని ఎదుటికి కూడా వెళ్లకూడదు. నోరు తెరిచి అడగకపోయినా సిగ్గుతో చచ్చిపోతాడు.

డబ్బుతోనే చేయనక్కర్లేనిది గెమిలూత్ హసాదీమ్, అంటే దయతో చేసే సాయం. ఒంటితో చేసే సాయమూ ఇందులోకే వస్తుంది కనుక, ధనికుడికైనా చేయవచ్చు కనుక తల్ముద్ అనే ప్రాచీన యూదు ధర్మ చర్చల గ్రంథం దీన్ని త్సెదాకా కన్నా ఎక్కువన్నది. రోగిని చూడ్డానికి దగ్గరి బంధువులు వెంటనే, మిగతావాళ్లు మూడు రోజులయ్యాక వెళ్లాలి. పగటి మొదటి మూడు గంటల్లో జబ్బు తేలిగ్గా కనిపించి ప్రార్థన మరిచిపోతాం, చివరి మూడు గంటల్లో ముదిరినట్టు కనిపించి ఆశ వదులుకుంటాం. ఆ రెండు వేళలూ వద్దు. తలనొప్పితోనో కళ్ల జబ్బుతోనో బాధపడేవాళ్ల గదిలోకి వెళ్లకుండా బయటే ఉండి ఏం కావాలో కనుక్కోండి. వెళ్లి ప్రార్థన చేయకుండా వచ్చేస్తే ఆ పని పూర్తయినట్టు కాదు.

చావు జరిగిన ఇంట్లో అంత్యక్రియల తర్వాత మొదటి భోజనం ఇరుగుపొరుగు తేవాలి. ఉడికించిన గుడ్లు, మసూర్ పప్పు ఆనవాయితీ. ఏడు రోజుల సంతాపంలో ఎప్పుడు వెళ్లినా వాళ్లు నోరు విప్పేదాకా మీరు మాట్లాడకండి. ఇక చాలన్నట్టు తల ఊపితే లేచి రండి.