కిటికీ వెలుగు చాలు: క్లాసు ప్రాజెక్టుకి పోర్ట్రెయిట్ సిరీస్ తీయడం ఎలా?

ఫొటోగ్రఫీ క్లాసులో పోర్ట్రెయిట్ ప్రాజెక్టు ఇవ్వగానే చాలామంది చేసే పని ఒకటే. స్నేహితుణ్ని క్యాంపస్‌లో చెట్టు కింద నిలబెట్టి, వెనకాల మసకగా వచ్చేలా తీసి, ఎడిటింగ్‌లో రంగులు మార్చి ఇచ్చేస్తారు. అందరి ప్రింట్లూ వరసగా పెడితే ఏది ఎవరిదో చెప్పలేం. అందుకే మీకు మీరే ఒక షరతు పెట్టుకోండి: ఒకే మనిషి, ఒకే కిటికీ, ఐదు ఫొటోలు. వెసులుబాటు తగ్గితేనే బుర్ర పనిచేస్తుంది.

ముందు మనిషిని చూసుకోండి. అందంగా ఉండాల్సిన పన్లేదు, గంటసేపు ఓపిగ్గా కూర్చుంటే చాలు. నానమ్మ కావచ్చు, రూమ్మేట్ కావచ్చు. ఇక్కడ నానమ్మే అనుకుందాం. ఫొటోలు ఎందుకు తీస్తున్నారో, ఎక్కడ పెడతారో ముందే చెప్పండి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లయితే ఇంట్లో పెద్దవాళ్లనీ అడగాలి. ఎదుటివాళ్లు బిగుసుకుపోతే ఎంత మంచి లెన్సున్నా దండగే. 1892లో ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం విడిగా జెనానా స్టూడియో పెట్టి, దాన్ని నడిపే పని ఒక మహిళకే అప్పగించారు. మన పనికి అంత ఏర్పాటు అక్కర్లేదు గానీ, చూడ్డానికి చుట్టూ మూగిన పిల్లల్ని మాత్రం బయటికి పంపండి.

తర్వాత కిటికీ. ఎండ నేరుగా లోపల పడకూడదు. ఉత్తరం వైపుదైతే వెలుగు రోజంతా పెద్దగా మారదు. గదిలో ట్యూబ్‌లైట్ ఆర్పేయండి, లేకపోతే ముఖం ఒక పక్క ఒక రంగు, ఇంకో పక్క ఇంకో రంగు వస్తుంది. కుర్చీని కిటికీకి మీటరు దూరంలో వేయండి. మీరు గోడ వారగా, కిటికీ మీకు పక్కన ఉండేలా నిలబడండి. ఇక నానమ్మని తల మెల్లగా తిప్పమనండి. కిటికీకేసి పూర్తిగా తిరిగితే వెలుగు ముఖమంతా సమానంగా పరుచుకుని చప్పగా ఉంటుంది. అక్కణ్నుంచి కొంచెం కొంచెంగా ఇటు తిరుగుతుంటే ఒక చెంప నీడలోకి జారుతుంది. ఒక చోట ఆ నీడ చెంప మీద, కంటి కింద, చిన్న త్రికోణంలా వెలుగు నిలుస్తుంది. అక్కడ ఆపండి. పదిహేడో శతాబ్దపు డచ్చి చిత్రకారుడి పేరు మీద దీన్నే రెంబ్రాంట్ లైటింగ్ అంటారు. త్రికోణం రాకపోతే వెలుగు మరీ కింది నుంచి వస్తోందన్నమాట. కిటికీ కింది సగానికి మందపాటి దుప్పటి కట్టి చూడండి. నీడ మరీ నల్లగా ఉంటే ఆ పక్కన తెల్ల థర్మాకోల్ షీట్ పట్టుకోమని ఎవరికైనా చెప్పండి. నీడ ఇంకా చిక్కగా కావాలంటే అదే చోట నల్ల గుడ్డ.

కెమెరా సంగతి తొందరగా తేలిపోతుంది. ఫోనైతే ముఖానికి దగ్గరగా పెట్టకండి, ముక్కు పెద్దదవుతుంది. రెండు మీటర్లు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ వాడండి. కెమెరాకి 50 ఎం.ఎం. లెన్సు, అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/2.8, షట్టర్ (వెలుగు పడే సమయం) సెకనులో 1/125 వంతు, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 400తో మొదలుపెట్టి, వెలుగుని బట్టి మార్చుకోండి. మీకు దగ్గరగా ఉన్న కంటి మీద ఫోకస్ చేయండి. ఫోన్లో బ్యూటీ మోడ్ తీసేయండి. చామనఛాయ మనిషిని పిండిబొమ్మలా చేసే ఆ యంత్రానికి పోర్ట్రెయిట్‌లో చోటు లేదు.

ఇప్పుడు ఐదు ఫొటోలు. మొదటిది ఆ త్రికోణంతోనే, సూటిగా. రెండోది నానమ్మని కిటికీకి అడ్డంగా, పక్కకి తిరిగి కూర్చోబెట్టి, బయటి వెలుగుకి ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుగు మోతాదు) లాక్ చేసి తీసే నల్లటి నీడబొమ్మ. మూడోది ఆవిడ రోజూ వాడే స్టీలు పళ్లెంలో పడే ప్రతిబింబం.

నాలుగోదాంట్లో ముఖం ఉండకూడదు. ప్రాజెక్టు మొత్తంలో కష్టమైనదీ, నన్నడిగితే అన్నిటికంటే విలువైనదీ ఇదే. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్స్ 1917 నుంచి 1937 దాకా చిత్రకారిణి జార్జియా ఓకీఫ్‌ని మూడు వందలకు పైగా ఫొటోలు తీశారు. వాటిలో చాలావాటిలో ఉన్నవి ఆమె చేతులే. చేతులు ఎలా పెట్టాలో మాత్రం మీరు చెప్పకండి. "నానమ్మా, ఆవకాయ ఎట్లా కలుపుతావు?" అని అడగండి. చేతులే బేసిన్‌లో కారం వేస్తాయి, నూనె పోస్తాయి, ఉప్పు ఇంతని వేళ్లతో చూపిస్తాయి. మాట ఆగి చేయి గాల్లో నిలిచిన క్షణంలో నొక్కండి. కదలిక కూడా కావాలంటే షట్టర్ 1/15కి తగ్గించి, కెమెరాని బల్ల మీద ఆనించండి.

ఐదోది ఆవిడ ఇష్టం. ఎలా కూర్చుంటుందో, చేతిలో ఏం పట్టుకుంటుందో ఆవిడే చెప్తుంది, మీరు తీస్తారు.

ఏరుకోవడం స్క్రీన్ మీద వద్దు. పాతిక ముప్ఫై చిన్న ప్రింట్లు వేయించి నేల మీద పరిచి, ఒక్కొక్కటే తీసేస్తూ రండి. మిగిలిన ఐదింటినీ పేరు, వివరం ఏమీ లేకుండా క్లాసులో గోడకి పెట్టి, ఈ మనిషి ఎలాంటిదో చెప్పమనండి. రెండు ఫొటోలకి ఒకే మాట వినిపిస్తే అందులో ఒకటి అనవసరం, దాన్ని మళ్లీ తీయాలి. గోడకి పెట్టేవి మ్యాట్ పేపర్ మీద వేయించండి, గ్లాసీ మీద ట్యూబ్‌లైట్ మెరుస్తుంది. నానమ్మకి మాత్రం గ్లాసీదే నచ్చొచ్చు, ఆవిడ కాపీ ఆవిణ్నే అడిగి వేయించండి.