టేబుల్ మీద ఆడే ఫాంటసీ ఆటని వీడియో గేమ్‌గా మార్చాలంటే

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే నలుగురూ టేబుల్ చుట్టూ కూర్చుని, తలో పాత్రగా మారి, డైస్ వేస్తూ కథ నడిపించే ఆట. అలాంటి ఆటని వీడియో గేమ్‌గా చేద్దామని కూర్చునే వాళ్లలో చాలామంది రూల్‌బుక్ తెరిచి మొదటి పేజీ నుంచి కోడ్ రాయడం మొదలుపెడతారు. కొన్ని వారాలకి కత్తి దెబ్బకి ఎంత డ్యామేజీ అన్నది పక్కాగా వస్తుంది గానీ ఆడితే మాత్రం టేబుల్ దగ్గరున్న మజా రాదు. ఎందుకంటే అక్కడ ఆటని నడిపించేది గేమ్ మాస్టర్. "సరే, అలా కుదురుతుంది, డైస్ వెయ్యి" అనే ఆ మనిషి మీ గేమ్‌లో ఉండడు. ఆయన చేసే ఒక్కో పనీ ఎవరి నెత్తిన పడుతుందో ముందే తేల్చుకుంటే మిగతాదంతా దారిలో పడుతుంది.

కాబట్టి మొదటి పని కంప్యూటర్ ముందు కాదు. మీ స్నేహితులు ఆడే ఒక సెషన్‌ని ఫోన్‌లో రికార్డ్ చేసి, తర్వాత తీరిగ్గా వింటూ, పుస్తకంలో లేని నిర్ణయం గేమ్ మాస్టర్ ఎక్కడెక్కడ తీసుకున్నాడో రాసుకోండి. ఉదాహరణకి తాళం వేసిన చెక్క తలుపు ఒకటి ఉందనుకుందాం. ఒకడు తాళం విప్పుతానంటాడు, ఇంకొకడు గొడ్డలితో బద్దలుకొడతానంటాడు, మూడోవాడు నూనె పోసి నిప్పు పెడతానంటాడు, నాలుగో అమ్మాయి తలుపు తట్టి "భోజనం తెచ్చాం" అంటుంది. మొదటి రెండింటికీ పుస్తకంలో నంబర్లున్నాయి. మూడోది విని గేమ్ మాస్టర్ రెండు క్షణాలు ఆలోచించి, చెక్క కాబట్టి అంటుకుంటుంది, పొగ చూసి కాపలావాళ్లు వస్తారు అంటాడు. నాలుగోదానికి లోపలున్న కాపలావాడు ఎలాంటివాడో అప్పటికప్పుడు పుట్టించాలి.

ఇలా రాసుకున్నవాటిని మూడు కుప్పలు చేయండి. మొదటి కుప్ప నిప్పు లాంటివి, వాటిని సిస్టమ్‌కి అప్పజెప్పొచ్చు, అంటే "చెక్క అయితే కాలుతుంది" అని వస్తువుకి ఒక గుణం ఇస్తే ఆ ఒక్క తలుపే కాదు, గేమ్‌లో ఉన్న ప్రతి చెక్క వస్తువూ కాలుతుంది. బాల్డర్స్ గేట్ 3 అనే గేమ్ చేసిన లారియన్ కంపెనీ వాళ్ల గేముల్లో నేల మీద నూనె, నీళ్లు, నిప్పు కలిసి చేసే హడావుడి అంతా ఈ ఆలోచనే. కాపలావాడితో మాటలు రెండో కుప్ప, అవి రచయిత కూర్చుని రాయాల్సినవి. మూడో కుప్ప, మీ గేమ్‌లో అసలు కుదరనివి. ఈ మూడో కుప్పని మొదట్లోనే గట్టిగా నిర్ణయించుకోండి, లేకపోతే రెండేళ్ల తర్వాత కూడా మీ గేమ్ పూర్తికాదు.

లైసెన్స్ గురించి రెండు ముక్కలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ మూల నియమాలున్న ఎస్‌ఆర్‌డీ 5.1 పత్రాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేశారు, దాంతో మీరు గేమ్ అమ్ముకోవచ్చు కూడా, వాళ్లు అడిగినట్టు క్రెడిట్ ఇస్తే చాలు. అయితే ఆట పేరూ, లోగో, ఫర్‌గాటెన్ రెల్మ్స్ లాంటి ప్రపంచాలూ మీవి కావు. అంతకుముందు 2021లో వచ్చిన సోలాస్టా అనే గేమ్ కూడా అప్పటికే ఉన్న ఎస్‌ఆర్‌డీ రూల్స్ వాడుకుని ప్రపంచాన్ని మాత్రం సొంతంగా అల్లుకుంది. వేరే ఆట మీద మనసుంటే అనుమతి కాగితం మీద చూశాకే కోడ్ ముట్టుకోండి. 1997 నాటి ఫాలౌట్ మొదట గర్ప్స్ అనే టేబుల్ ఆట రూల్స్ మీద మొదలైంది, మధ్యలో ఆ ఒప్పందం చెడిపోయి, క్యారెక్టర్ సిస్టమ్‌ని సొంతంగా మళ్లీ తయారుచేసుకోవాల్సి వచ్చింది. వాళ్లు గట్టెక్కారు, చిన్న టీమ్ అయితే అక్కడే చతికిలబడుతుంది.

తర్వాత, పోరాటం టర్న్‌ల వారీగానా, అంటే ఒకరి తర్వాత ఒకరు వంతులేసుకునా, లేక అందరూ ఒకేసారి కదిలే రియల్‌టైమ్‌లోనా? 1998 బాల్డర్స్ గేట్‌లో ఫైట్ నడుస్తూనే ఉంటుంది, కావాలంటే ఆపి ఆలోచించుకోవచ్చు. బాల్డర్స్ గేట్ 3కి వచ్చేసరికి పూర్తిగా టర్న్‌లు. పాత్‌ఫైండర్: కింగ్‌మేకర్ 2018లో రియల్‌టైమ్‌తో వచ్చి, 2020లో టర్న్ మోడ్ కూడా చేర్చుకుంది. రెండూ ఇద్దామని అందరికీ ఆశ ఉంటుంది గానీ, రియల్‌టైమ్ కోసం పెట్టిన చిన్నాచితకా గొడవలన్నీ టర్న్‌ల్లో ఆడితే సాగుతూ ఉంటాయి, టర్న్‌ల కోసం పెట్టిన పెద్ద ఫైట్ రియల్‌టైమ్‌లో కళ్లు తిరిగేలా ఉంటుంది. చిన్న టీమ్‌కి నా సలహా ఒకటే, టర్న్‌లే పెట్టుకోండి.

ఇప్పుడు కోడ్. బొమ్మలు, మ్యాపులు ఏవీ లేకుండా రూల్స్ మాత్రమే నడిచే ప్రోగ్రామ్ ముందు రాయండి. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది రియాక్షన్ల దగ్గర, అంటే ఎదుటివాడి వంతు నడుస్తుండగానే మధ్యలో అడ్డుపడే ఎత్తుల దగ్గర. ఒక ఓర్క్ మీ మాంత్రికుడి మీద దాడి చేశాడు, మొత్తం 17 వచ్చింది, మాంత్రికుడి ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే కనీసం రావాల్సిన అంకె) 15, అంటే దెబ్బ తగిలినట్టే. కానీ మాంత్రికుడి దగ్గర షీల్డ్ మంత్రం ఉంది, దెబ్బ తగిలిందని తెలిశాక కూడా అది వేసుకోవచ్చు, వేసుకుంటే 15 కాస్తా 20 అయి దెబ్బ తప్పిపోతుంది. "డైస్ వెయ్యి, పోల్చు, ప్రాణం తగ్గించు" అని మూడూ ఒకే ఫంక్షన్‌లో రాసేస్తే మధ్యలో ఆగి అడగడానికి చోటే ఉండదు. అందుకని దాడిని మెట్లుగా విడగొట్టండి: దాడి ప్రకటన, డైస్, తగిలిందా లేదా, డ్యామేజీ. ప్రతి మెట్టు దగ్గరా "ఎవరైనా అడ్డుపడతారా?" అని ప్రోగ్రామ్ ఆగి చూడాలి. ఇది మొదట్లో చేయకపోతే తర్వాత సగం కోడ్ తిరగరాయాలి. అయితే ప్రతిసారీ ఆటగాడిని అడిగితే విసుగొస్తుంది, కాబట్టి బాల్డర్స్ గేట్ 3లో ఉన్నట్టు ఏ రియాక్షన్‌కి అడగాలో, ఏది దానంతటదే జరిగిపోవాలో ఆటగాడే పెట్టుకునే సౌకర్యం ఇవ్వండి.

డైస్ దగ్గర మనుషుల మనసు వేరేగా పనిచేస్తుంది. 65 శాతం ఛాన్స్ ఉన్న దాడి వరుసగా మూడుసార్లు తప్పడం వందలో నాలుగుసార్లు జరుగుతుంది, గంటల కొద్దీ ఆడే గేమ్‌లో అది మామూలే. టేబుల్ దగ్గర అయితే అందరూ నవ్వుకుంటారు, గేమ్ మాస్టర్ దానికి ఒక కథ అల్లేస్తాడు. స్క్రీన్ మీద అదే జరిగితే గేమ్ మోసం చేస్తోందంటారు. వరుస వైఫల్యాలని తగ్గించే కార్మిక్ డైస్ అనే ఆప్షన్ బాల్డర్స్ గేట్ 3లో అందుకే ఉంది, వద్దంటే ఆపేసుకోవచ్చు. అంతకంటే ముఖ్యం, లెక్కంతా కనపడనివ్వండి: డైస్‌లో ఎంత పడింది, దేనివల్ల ఎంత కలిసింది, ఎంత కావాలి.

ఓడిపోయినప్పుడు ఏం జరుగుతుందన్నది ఇంకా పెద్ద విషయం. ఫెయిలయితే "కుదరలేదు" అన్న ఒక్క లైనే వస్తే, పాత సేవ్ లోడ్ చేసుకుని మళ్లీ డైస్ వేయని ఆటగాడు ఉండడు, అందులో అతని తప్పేం లేదు. 2019లో వచ్చిన డిస్కో ఎలీసియంలో కొన్ని ప్రయత్నాలు విఫలమైతే, ఆ నైపుణ్యం పెంచుకుని మళ్లీ రావచ్చు, కొన్నిటికి ఒకటే అవకాశం, కానీ ఓడిన సీన్లు కూడా గెలిచిన సీన్లంత ప్రేమగా రాశారు. నేనైతే ఓడిపోయే సీన్‌నే ముందు రాయమంటాను. అది రాయడానికి మనసు రాలేదంటే అక్కడ డైస్ అక్కర్లేదు.

మంత్రాల జాబితాని కత్తెర పట్టుకుని చదవండి. చచ్చినవాళ్లతో మాట్లాడే మంత్రం పెట్టారంటే ఏ శవం ఏం చెబుతుందో ఎవరో ఒకరు రాయాలి. ఎగిరే మంత్రం పెట్టారంటే మీ గోడలన్నీ దండగ. లారియన్ లాంటి పెద్ద టీమే బాల్డర్స్ గేట్ 3లో పాత్రల ఎదుగుదలని 12వ లెవెల్ దగ్గర ఆపేసింది. ఏడో మెట్టు మంత్రాలు మొదలయ్యేది 13వ లెవెల్‌కి కాబట్టి, ప్రపంచాన్ని తలకిందులు చేసే ఆ మంత్రాల గొడవే వాళ్లకి లేదు. మొదటి గేమ్‌కి నాలుగో లెవెల్ దగ్గర ఆపండి, అందులోనే బోలెడంత ఆట ఉంది.

తెలుగులో చేసేవాళ్లకి ఒక మాట. ఫైట్ లాగ్‌లో "పేరు" పక్కన "తప్పించుకున్నాడు" అని అతికిస్తే సరిపోదు, తప్పించుకుంది, తప్పించుకున్నారు కూడా కావాలి, కాబట్టి ప్రతి పాత్రకీ ఆ వివరం డేటాలోనే పెట్టి, వాక్యాలన్నీ కోడ్ బయట ఫైల్‌లో ఉంచండి. గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్, అంటే ఇంజిన్, ఎంచుకునేటప్పుడు ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా పడుతున్నాయో లేదో ఒక పేజీ చూపించి చూసుకోండి. ఉచితంగా దొరికే గోడాట్ నాలుగో వెర్షన్ నుంచి ఈ పని చక్కగా చేస్తోంది.

బొమ్మల మీద డబ్బు పెట్టేముందు ఒక పరీక్ష పెట్టండి. ఈ ఆట ఎరిగిన ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టి, మీరే కంప్యూటర్ అనుకుని, మీ గేమ్‌లో నిజంగా ఉండబోయే ఆప్షన్లు మాత్రమే కాగితం మీద రాసి చూపిస్తూ ఒక చిన్న నేలమాళిగ ఆడించండి. సాయం చేయాలనిపించినా నోరు మెదపకండి. వాళ్లు "అదేంటి, ఇలా చేయకూడదా?" అన్న ప్రతిచోటా గీత గీసుకోండి, ఇంకో ఇద్దరు ముగ్గురితో అదే నేలమాళిగ ఆడించండి. ఒకే చోట ఇద్దరు అడిగితే ఆ పనిని మూడో కుప్పలోంచి తీసి మొదటి కుప్పలోకో రెండో కుప్పలోకో మార్చండి, ఒక్కరే అడిగితే ఉన్నచోటే ఉంచేయండి.