పాత ఇళ్ల చల్లదనం కొత్త ఇంట్లోకి తేవడం ఎలా?

ఎండాకాలం రాత్రి తొమ్మిదింటికి స్లాబు ఇంట్లో స్టూలెక్కి సీలింగ్‌కి అరచెయ్యి ఆనించి చూడండి. ఇంకా వెచ్చగానే ఉంటుంది. పగలంతా పట్టిన వేడిని కాంక్రీటు అప్పుడు గదిలోకి వదులుతుంటుంది. పాత పెంకుటిళ్లలో ఈ బాధ తక్కువ. అలాగని మళ్లీ మట్టి గోడలే కట్టుకోనక్కర్లేదు. వేడి ప్రాంతాల పల్లెల్లో ఇటుక, సిమెంటుతో కట్టే ఇంటికీ ఆ పద్ధతులు పనికొస్తాయి.

1. ముగ్గు పోయకముందే స్థలంలో మనిషెత్తు కర్ర పాతి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి నీడ చూడండి. వేసవి మధ్యాహ్నం నీడ కర్ర మొదట్లోనే ఉంటుంది, అంటే ఎండంతా పైకప్పు మీదే. సాయంత్రం నీడ బారుగా సాగుతుంది, అంటే ఎండ ఏటవాలుగా వచ్చి పడమటి గోడను కాలుస్తోంది. డబ్బు తక్కువైతే ముందు ఈ రెండింటి మీదే పెట్టండి.

2. ఇంటి పొడవు తూర్పు పడమరలుగా ఉంటే మంచిది. పడమటి వైపు పడకగది వద్దు. బాత్రూం, స్టోరు, మెట్లు అటు పెట్టండి.

3. పైకప్పు విషయంలో రాజీపడొద్దు. ఇంజనీరుతో డిజైన్ చేయించి ఫిల్లర్ స్లాబు వేయించండి. స్లాబు అడుగు భాగంలో కమ్మీల మధ్య పెంకులు పరిచి కాంక్రీటు పోస్తారు. ఒకదాని మీద ఒకటి రెండు పెంకులు బోర్లిస్తే మధ్యలో గాలి నిలిచి వేడిని కొంత ఆపుతుంది, కాంక్రీటూ ఆదా. స్లాబు ఇప్పటికే ఉంటే పైన తెల్ల సున్నం వేయండి. అంత తేలికైన పని ఇంకోటి లేదు.

4. గోడలకు ర్యాట్ ట్రాప్ పద్ధతి చూడండి. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ దీన్ని బాగా వాడుకలోకి తెచ్చారు. ఇటుకల్ని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, గోడ లోపల ఖాళీ వదులుతారు. తొమ్మిదంగుళాల గోడకు ఇటుకలు దాదాపు 25 శాతం తగ్గుతాయి. పని జరిగేటప్పుడు దగ్గరుండండి. మేస్త్రీ తొందరలో సిమెంటు మాలు ఆ ఖాళీలో పడేస్తే వేడిని ఆపే ఫలితం పోతుంది. మాలు పరిచేటప్పుడు ఖాళీ మీద చిన్న చెక్కపలక అడ్డం పెట్టమనండి. మూలలు, తలుపుల పక్కలు మాత్రం గట్టిగా నింపి కట్టాలి.

5. దక్షిణపు ఎండకు చూరు చాలు, ఎందుకంటే అటు సూర్యుడు ఎత్తులో ఉంటాడు (భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నవారి మాట ఇది). పడమటి ఎండ చూరు కిందనుంచి దూరిపోతుంది. అక్కడ వసారా గానీ చెట్టు గానీ కావాలి.

6. కిటికీలు ఎదురెదురుగా ఉంచి, గోడ పైభాగంలో వేడిగాలి పోయేందుకు కన్నాలు వదలండి. పొడి వేడి ఉన్నచోట పగలు కిటికీలు మూసి, పొద్దుగూకాక తెరవాలి. ఉక్కపోత ప్రాంతాల్లో అలా మూస్తే ఊపిరాడదు, రోజంతా గాలి ఆడనివ్వాలి.