ఆర్కిటెక్చర్ ప్లాన్‌లోకి యజమానుల్ని తీసుకురావడం ఎలా: బరంపురం జీడిపప్పు వ్యాపారం నేర్పిన పద్ధతి

బరంపురం నుంచి పలాస దాకా జీడి వ్యాపారం మీద బతికే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. గంజాం, గజపతి జిల్లాల కొండ ఊళ్ళలో పిక్కలు కొంటారు. పలాసలో ఫ్యాక్టరీ నడుపుతారు. పప్పు డబ్బాలు బరంపురం గోడౌన్‌కి తెచ్చి అక్కడి నుంచి ఒడిశా అంతా పంపుతారు. అలాంటి ఒక కుటుంబ సంస్థకి మూడేళ్ళుగా నేను ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్‌గా పని చేస్తున్నాను. అంతకుముందు హైదరాబాదులో పెద్ద కంపెనీల్లో ఇదే పని. అక్కడైనా ఇక్కడైనా ప్లాన్లు ఒకే చోట చచ్చిపోవడం చూశాను. మేము గీస్తాం, యజమానులు తలాడిస్తారు, ఆరు నెలలు తిరిగేసరికి ఎవరికి నచ్చిన సాఫ్ట్‌వేర్ వాళ్ళు కొనుక్కుంటారు.

ఈ పనికి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు మాటలు. సంస్థ ఏ పనులు చేస్తుంది, ఆ పనులకి ఏ సమాచారం కావాలి, ఆ సమాచారం ఏ సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి, ఆ సాఫ్ట్‌వేర్ ఏ మెషిన్ల మీద నడవాలి అన్న నాలుగు పొరల్నీ కలిపి చూసి, రెండు మూడేళ్ళలో ఎక్కడికి చేరాలో దారి వేయడమే ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్. ఈ పనికి చాలా సంస్థలు వాడే, 1995 నుంచి ఉన్న టోగాఫ్ పద్ధతిలో కూడా వ్యాపారం పొర ముందు వస్తుంది, టెక్నాలజీ చివర్లో వస్తుంది. పుస్తకం చదివిన వాళ్ళందరికీ ఇది తెలుసు. అయినా సర్వర్ బొమ్మతో మొదలుపెట్టేవాళ్ళే ఎక్కువ, ఎందుకంటే సర్వర్ గురించి మనకి ఎవర్నీ అడగాల్సిన పని లేదు.

నేనూ అలాగే మొదలుపెట్టాను. చేరిన రెండో నెలలో ఇంగ్లీషులో 42 స్లైడ్లు తయారుచేసి, హోటల్ హాల్లో మీటింగ్ పెట్టాను. సంస్థ యజమాని పెద్దాయన, పిక్కల కొనుగోలు చూసే ఆయన తమ్ముడు, లెక్కలు చూసే పెద్దకోడలు గారు, ఫ్యాక్టరీ మేనేజరు, అమ్మకాల మేనేజరు అందరూ వచ్చారు. రెండు గంటలు ఓపిగ్గా విన్నారు. చివర్లో పెద్దాయన "బాగుంది, కానివ్వండి" అన్నారు. ఆ "కానివ్వండి"ని నేను ఒప్పుకోలు అనుకున్నాను. నిజానికి ఆ గదిలో ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోలేదు. నేను ఏ నిర్ణయమూ అడగలేదు కూడా. ఆ ప్లాన్ అలాగే బీరువాలో ఉండిపోయింది.

అప్పటి నుంచి నేను పట్టుకున్న సూత్రం ఒకటే. యజమాని మాత్రమే తీసుకోగల నిర్ణయాలు ఏవో ముందు వెతకాలి, అవి ఆయన భాషలో ఆయన ముందు పెట్టాలి. మిగతాది మన పని, దానికోసం వాళ్ళ టైమ్ తీసుకోకూడదు.

ముందు వాళ్ళ క్యాలెండర్ తెలుసుకోండి

మా దగ్గర మార్చి నుంచి జూన్ దాకా పిక్కల సీజన్. ఆ రోజుల్లో తమ్ముడుగారు తెల్లారకముందే జీపులో బయల్దేరతారు, ఫోన్‌లో కూడా దొరకరు. దసరా, దీపావళి ముందు అమ్మకాల వాళ్ళకి ఊపిరాడదు. రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర వస్తే బరంపురంలో చాలా రోజులు ఏ పనీ సాగదు. ఇవన్నీ పోగా ప్లానింగ్‌కి మిగిలేవి జులై, ఆగస్టు, మళ్ళీ జనవరి, ఫిబ్రవరి. ఆర్థిక సంవత్సరం మొదలైంది కదా అని ఏప్రిల్‌లో మీటింగ్ పెడితే ఎవరూ రారు, వచ్చినా మనసు అక్కడ ఉండదు. మీ సంస్థకీ ఇలాంటి క్యాలెండర్ ఒకటి ఉంటుంది. దాన్ని కాగితం మీద వేసుకోకుండా ఒక్క మీటింగూ పెట్టకండి. కొత్త సాఫ్ట్‌వేర్ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా రేపు ఇదే చెప్తుంది.

ఒక్కొక్కరినీ విడిగా కలవండి, వాళ్ళ చోటే కలవండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన భాగం. దీనికి కనీసం మూడు వారాలు పెట్టుకోండి. ఆఫీసుకి పిలవకండి. తమ్ముడుగారితో నేను మాట్లాడింది జీపులో, గజపతి జిల్లా మోహన ఊరి దారిలో. ఫ్యాక్టరీ మేనేజరుతో గ్రేడింగ్ బల్లల పక్కన నిలబడి మాట్లాడాను. సాఫ్ట్‌వేర్ ఊసు ఎత్తకుండా మూడే మూడు అడిగాను. పోయిన ఏడాది ఏ కబురు ఆలస్యంగా తెలియడం వల్ల మీకు నష్టం వచ్చింది? రెండేళ్ళలో మీరు కొత్తగా ఏం చేద్దామనుకుంటున్నారు? ఒక్క మనిషి రేపు పనిలోకి రాకపోతే ఏ పని ఆగిపోతుంది?

మూడో ప్రశ్నకి తమ్ముడుగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత డాష్‌బోర్డు మీద ఉన్న తన పొడుగాటి నోటుపుస్తకం చూపించారు. ఏ ఊళ్ళో ఎవరి తోట పిక్క గట్టిది, ఎవరు తడి సరుకు కలుపుతారు, ఎవరికి ఎంత అడ్వాన్స్ ఇచ్చారు అన్నీ అందులోనే ఉన్నాయి. "ఇది కంప్యూటర్‌లోకి వెళ్ళిపోతే ఇంక నా పనేముంది చెప్పండి" అని అడిగారు. మీటింగ్‌లో అందరి ముందు ఆయన ఈ మాట ఎప్పటికీ అనరు. అక్కడైతే "చూద్దాం" అని ఊరుకుంటారు, ఆ తర్వాత ప్రాజెక్టు నెమ్మదిగా నిలిచిపోతుంది.

ఇలాంటి భయాన్ని అడ్డంకి అనుకోకండి. డిజైన్‌లో అదీ ఒక అవసరమే అనుకుని రాసుకోండి. మేము చివరికి చేసింది ఇది. బేరం, అడ్వాన్సు, మనిషి మీద నమ్మకం ఇవన్నీ ఆయన పుస్తకంలోనే ఉంటాయి. బస్తాల సంఖ్య, తూకం, తేదీ, ఊరు మాత్రం ఏ రోజువి ఆ రోజు సిస్టమ్‌లోకి రావాలి. ఇంత చిన్న గీత గీసి చూపించాక, ఏ ఊరి పేరు ఎలా రాయాలో ఆయనే కూర్చుని చెప్పారు.

సంస్థలో ఎవరు ఎవరితో మాట్లాడతారో సాఫ్ట్‌వేర్ కూడా ఆ రూపాన్నే తీసుకుంటుందని కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968లోనే రాశాడు. మా దగ్గర కొనుగోలూ ఫ్యాక్టరీ మధ్య మాటలు తక్కువ. అందుకే ఆ రెండిటి లెక్కలూ ఎప్పుడూ కలిసేవి కావు. విడిగా కలిసినప్పుడు ఇలాంటివి గమనించుకోండి, బొమ్మలో మాత్రం పెట్టకండి.

నాలుగు చీటీలు

అందరినీ ఒకచోట కూర్చోబెట్టడం ఆ తర్వాతే. ఈసారి హోటల్ వద్దనుకుని బరంపురం గోడౌన్ పైగదిలో కూర్చున్నాం. ప్రొజెక్టర్ లేదు. గోడకి ప్యాకింగ్ కాగితం అతికించాను. ఒక్కొక్కరికీ చీటీ ఇచ్చి, పక్కవాళ్ళని అడక్కుండా ఒకే ప్రశ్నకి జవాబు రాయమన్నాను: ఈ రోజు మన స్టాకు ఎంత?

తమ్ముడుగారు బస్తాల్లో రాశారు. మా వైపు పిక్కల బస్తా అంటే 80 కిలోలు. ఫ్యాక్టరీ మేనేజరు పప్పు కిలోల్లో రాశారు. బస్తా కొడితే వచ్చే పప్పు 20 కిలోలకి కాస్త అటూ ఇటూ. అమ్మకాల మేనేజరు 10 కిలోల డబ్బాల్లో, గ్రేడు ప్రకారం రాశారు: 240 నిండుగా ఉంది, 320 అసలు లేదు (పౌనుకి ఎన్ని పప్పులు తూగుతాయో చెప్పే గ్రేడు నంబర్లు ఇవి), బద్ద కొంచెం ఉంది. పెద్దకోడలు గారు రూపాయల్లో రాశారు. నాలుగు చీటీలూ గోడ మీద పక్కపక్కన అంటించాను, నేనేమీ మాట్లాడలేదు.

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని లేచి దగ్గరికొచ్చారు. ఒక్కొక్క చీటీ కింద వేలు పెట్టి చదివారు. వెనక్కి తిరిగి కోడలిని అడిగారు: "అమ్మా, మరి మొన్న బ్యాంకుకి ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్ ఇందులో ఏది?"

ఆర్కిటెక్చర్ ప్లానింగ్ మొదలైంది ఆ నిమిషంలో. క్యాష్ క్రెడిట్ మీద, అంటే సరుకు చూపించి బ్యాంకులో తీసుకునే అప్పు మీద నడిచే వ్యాపారానికి ఆ స్టేట్‌మెంట్ ఎంత అవసరమో ఆ గదిలో అందరికీ తెలుసు. స్టాకు అంటే మూడు వేర్వేరు సంగతులని, పిక్క, పనిలో ఉన్నది, పప్పు అని, ఒక్కోదానికి ఒక్కో కొలత, ఒక్కో మనిషి బాధ్యత అని గంటలో తేల్చారు. పిక్క తమ్ముడుగారిది, పనిలో ఉన్నది ఫ్యాక్టరీది, పప్పు అమ్మకాలది, మూడిటి విలువ కట్టడం పెద్దకోడలు గారిది. మన భాషలో దీన్ని డేటా ఓనర్‌షిప్ అంటాం. ఆ మాట నేను ఆ రోజు ఒక్కసారి కూడా అనలేదు.

మీరూ ఇలాంటి ఒక్క మాట వెతకండి. కస్టమర్, ఆర్డర్, డెలివరీ లాంటి మాటల్లో ఏదో ఒకటి మీ నాయకులు ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో వాడుతూ ఉంటారు. ఏ మాటో విడిగా కలిసినప్పుడే మీకు దొరుకుతుంది. తప్పెవరిదో తేల్చడానికి మాత్రం దాన్ని వాడకండి. నాలుగు చీటీలూ ఎవరి పనికి వాళ్ళవి సరైనవే అని ముందే చెప్పండి.

చీటీల తర్వాత అదే కాగితం మీద సంస్థ చేసే పనులన్నీ వాళ్ళ మాటల్లోనే గడులుగా రాశాం: పిక్కలు కొనడం, ఎండబెట్టడం, కొట్టడం, గ్రేడు చేయడం, డబ్బా కట్టడం, లారీ ఎక్కించడం, డబ్బు రాబట్టడం. పుస్తకాల్లో దీని పేరు కేపబిలిటీ మ్యాప్. ఎర్ర స్కెచ్ పెన్ పెద్దాయన చేతికిచ్చి, మూడు గడులకే రంగు వేయమని అడిగాను. మూడు దాటనివ్వకండి. అన్నీ ముఖ్యమే అనడం ఎవరికైనా తేలిక. ఆయన "డబ్బు రాబట్టడం" మీద పెన్ను ఆనించి, తీసేసి, "లారీ ఎక్కించడం" మీద వేశారు. అదెందుకని అడిగితే పాత గొడవ ఒకటి బయటికొచ్చింది.

సరిహద్దు తెచ్చే నిర్ణయాలు

పలాస ఆంధ్రలో, బరంపురం ఒడిశాలో ఉన్నాయి. జీఎస్టీ 2017 జులై 1న వచ్చాక రాష్ట్ర సరిహద్దులోని గిరిసోల దగ్గర చెక్‌గేట్‌లో లారీలు బారులు తీరడం పోయింది గానీ లెక్క మాత్రం రెండు ముక్కలైంది. ఒకే పాన్ మీద మాకు ఆంధ్రలో 37తో మొదలయ్యే జీఎస్టీ నంబరు ఒకటి, ఒడిశాలో 21తో మొదలయ్యే నంబరు ఒకటి ఉన్నాయి. మన ఫ్యాక్టరీ నుంచి మన గోడౌన్‌కే సరుకు పంపినా చట్టం దృష్టిలో ఇద్దరు వేర్వేరు వ్యక్తుల మధ్య సరఫరా. ఇన్‌వాయిస్ వేయాలి, రాష్ట్రాల మధ్య సరఫరా మీద పడే ఐజీఎస్టీ కట్టాలి, సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు కూడా ఉండాలి. అందుకని ట్యాలీలో రెండు కంపెనీలు తెరిచారు. డబ్బాల పేర్లు ఇక్కడొక రకంగా, అక్కడొక రకంగా ఎక్కించారు. ఫ్యాక్టరీలో ఇన్‌వాయిస్ తయారై, గోడౌన్‌లో అదే సరుకు వేరే పేరుతో ఉంటే లారీ గోడౌన్ గేటు దగ్గర నిలబడిపోయేది. పెద్దాయన ఎర్ర గడి వెనక కథ ఇదే.

ఇక్కడ నాయకుల ముందు పెట్టిన ప్రశ్న "ఏ ఈఆర్‌పీ (వ్యాపారం మొత్తాన్నీ ఒకచోట నడిపే సాఫ్ట్‌వేర్) కొందాం" అని కాదు. "సరుకుకి పేరు పెట్టే హక్కు పలాసదా, బరంపురందా?" అని. ఇది పెత్తనానికి సంబంధించిన ప్రశ్న, దీన్ని ఐటీ మనిషి తేల్చలేడు, తేల్చకూడదు కూడా. ఒక పేజీలో మూడు దారులు రాసిచ్చాను. ఒక్కోదానికి ఖర్చు రూపాయల్లో, ఎవరి పని పెరుగుతుందో, ఎన్నాళ్ళు పడుతుందో రాశాను. మూడో దారి ఏమీ మార్చకపోవడం. దాని ఖర్చు కూడా రాయాలి: ఏడాదిలో ఎన్ని లారీలు ఆగాయి, లారీ ఆగినందుకు ఎంత డిమరేజ్ కట్టాం అని. ఆ లెక్క పెద్దకోడలు గారితోనే వేయించండి. మన అంకె అయితే అనుమానిస్తారు, సొంత అంకెను కాదనలేరు. పెద్దాయన పలాసకే హక్కు ఇచ్చారు.

టెక్నాలజీ పొర గురించి వాళ్ళని అడగాల్సింది చాలా తక్కువ, కానీ ఒకటి ఉంది. క్లౌడా, సొంత సర్వరా అని నేను అడగలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి ఉద్దానం తోటల్ని పడగొట్టింది. రెండూ పండగ అమ్మకాల ముందే. "మళ్ళీ అలాంటిది వస్తే బిల్లు వేయకుండా ఎన్ని రోజులు తట్టుకోగలం? ఎన్ని రోజుల లెక్క పోయినా మళ్ళీ రాసుకోగలం?" అని అడిగాను. తిత్లీ తర్వాత కరెంటు లేని రోజులు అందరికీ గుర్తున్నాయి. మొదటిదానికి రెండు రోజులు, రెండోదానికి ఒక్క పూట అని చెప్పారు. ఆ రెండు అంకెల నుంచి బ్యాకప్ ఎక్కడుండాలో, ఎంత ఖర్చు పెట్టాలో నేనే తేల్చుకున్నాను. మళ్ళీ వాళ్ళని అడగలేదు.

ఆ తర్వాత పట్టు వదలకుండా

నెలకోసారి అరగంట చాలు. మాకు రెండో శనివారం పొద్దున్న, టీ టైముకి. స్లైడ్లు ఉండవు, ఒక గట్టి అట్ట పుస్తకం ఉంటుంది. తీసుకున్న ప్రతి నిర్ణయం నాలుగు వరుసల్లో రాస్తాం: ఏం నిర్ణయించాం, ఎందుకు, ఎవరిది బాధ్యత, దీనివల్ల ఏం వదులుకున్నాం. ఎవరైనా ప్లాన్ దాటి వేరే యాప్ కొనాలంటే కాదనం. ఎన్నాళ్ళకో తేదీ వేసి రాస్తాం, ఆ తేదీ వచ్చిన నెలలో పుస్తకం తీసి అడుగుతాం. వచ్చినవాళ్ళకి అరగంటలో నిర్ణయించాల్సింది ఏమీ లేకపోతే ఆ నెల మీటింగ్ రద్దు చేయండి. ఊరికే పిలిస్తే మూడోసారి నుంచి తమ బదులు గుమాస్తాని పంపుతారు.

గోడ మీది కాగితం ఇంకా అక్కడే ఉంది, అంచులు నలిగాయి. పోయిన జులైలో పెద్దాయన "లారీ ఎక్కించడం" గడి మీద తెల్లకాగితం ముక్క అంటించి, "డబ్బు రాబట్టడం" గడికి ఎర్ర రంగు వేశారు. ఆ నెల నిర్ణయాన్ని పుస్తకంలో ఆయనే రాశారు.