కత్తెర ఎండలకు ముందే బ్రాయిలర్ షెడ్డులో చేసుకోవాల్సిన పనులు

మార్చి నాలుగో వారంలో కోడిపిల్లలు దించుకుంటే అవి ఐదు వారాలకు వచ్చేసరికి ఏప్రిల్ నెలాఖరు, భరణి కార్తె. కర్నూలు, నంద్యాల, కడప వైపు ఎండ 42, 43 డిగ్రీలు చూపించే రోజులు అవే. కోడికి చెమట గ్రంథులు లేవు. కిలోన్నర దాటినాక ఒళ్లంతా కండ, నిండుగా ఈకలు. లోపలి వేడి బయటికి పోవాలంటే నోరు తెరిచి రొప్పడమే దానికి ఉన్న ముఖ్యమైన దారి. మామూలుగా 41 డిగ్రీల పైచిలుకు ఉండే ఒంటి వేడి 46, 47కు చేరితే ఇక బతకదు. అదీ దాణా ఖర్చంతా పెట్టినాక, లిఫ్టింగ్‌కు, అంటే కోళ్లను అమ్మకానికి ఎత్తడానికి, వారం ఉందనగా పోతుంది.

అందుకే పిల్లలు దిగే తేదీ తెలిసిన రోజే వాటి 28వ రోజు నుంచి 42వ రోజు వరకు ఏ కార్తెలో పడతాయో లెక్క చూసుకోవాలి. భరణి, కృత్తిక (కత్తెర), రోహిణిలో పడేటట్టుంటే కోడికి చదరపు అడుగు చాలదు, అడుగుంపావు ఇవ్వాలి. 5,000 చదరపు అడుగుల షెడ్డులో 4,000 పిల్లలే దించుకోవాలి. కంపెనీ పిల్లల్ని, దాణాను ఇచ్చి రైతుతో పెంచించే ఇంటిగ్రేషన్‌లో పిల్లల సంఖ్య కంపెనీ చేతిలో ఉంటుంది. తగ్గించడానికి వాళ్లు ఒప్పుకోకపోతే, బరువు కిలోన్నర దగ్గరికి రాగానే కొన్నిటిని ముందుగా ఎత్తేటట్టు సూపర్‌వైజర్‌తో మొదట్లోనే మాట్లాడుకోండి. కోళ్లు రొప్పడం మొదలైనాక ఫోన్ చేస్తే లారీ ఆ రోజుకు రాదు.

పైకప్పు పని మార్చి లోపలే అయిపోవాలి. సిమెంటు రేకుల మీద సున్నంలో ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేయాలి. ఒక్క పూత మొదటి జల్లుకే కారిపోతుంది. వరిగడ్డి, జొన్నచొప్ప, కొబ్బరి మట్టలు ఏవి దొరికితే అవి అర అడుగు మందాన పరిచినా మంచిదే. అయితే పైన పాత వల వేసి తీగతో బిగించాలి, లేకుంటే మే నెల గాలివానకు ఎగిరిపోతుంది. ఎండిన చొప్పకు కరెంటు తీగ ఎక్కడా తగలకూడదు. రేకుల మీద స్ప్రింక్లర్లు ఉన్నవాళ్లు మధ్యాహ్నం దాకా ఆగవద్దు. రేకు వేడెక్కక ముందే, పది గంటలకే మొదలుపెట్టి మధ్యమధ్యలో ఆపుతూ సాయంత్రం ఐదు వరకు తడపాలి.

పడమటి వైపు, వడగాలి వచ్చే వైపు గోనె పరదాలు కట్టి పైన సన్న రంధ్రాల పైపుతో తడుపుతూ ఉండాలి. జాలీ మొత్తం మూసేయవద్దు. పైన రెండడుగులు వదలకపోతే లోపలి వేడి, అమ్మోనియా అక్కడే నిలిచిపోతాయి. కింద పరిచే ఊక (లిట్టర్) రెండు అంగుళాలు చాలు. అనంతపురం వైపు వేరుశనగ పొట్టు కూడా పరుస్తారు. బూజు వాసన ఉన్న పొట్టు, తడిసి ఆరిన పొట్టు వద్దు, పిల్లల ఊపిరితిత్తులకు బూజు పడుతుంది. లిట్టర్ తిప్పే పని తెల్లవారుజామునే ముగించాలి.

నీళ్లు

ఎండాకాలం కోడి బతకడం, చావడం ఎక్కువగా నీళ్ల మీదే ఉంటుంది. ఐదు వారాల వయసు కోళ్లు వెయ్యికి మామూలు రోజుల్లో 300 నుంచి 350 లీటర్లు పడతాయి. 40 దాటిన రోజు ఇది 600 వరకు పోతుంది. 4,000 కోళ్లకు తాగడానికే 2,400 లీటర్లు, సన్నటి తుంపర చల్లే ఫాగర్లకు, స్ప్రింక్లర్లకు వేరే. మే నెలలో బోరు ఎంతసేపు పోస్తుందో, కరెంటు ఎన్ని గంటలు ఉంటుందో చూసుకుని, కనీసం ఒకరోజు తాగే నీళ్లు ఎప్పుడూ నిల్వ ఉండేటట్టు ట్యాంకు పెట్టుకోవాలి.

నీళ్లు ఉంటే సరిపోదు, చల్లగా ఉండాలి. నల్ల ట్యాంకు ఎండలో ఉంటే మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగుతుంది, ఆ నీళ్లు కోడి తాగదు. ట్యాంకుకు నీడ వేసి, చుట్టూ తడి గోనెలు కట్టి, షెడ్డు వరకు వచ్చే పైపును అడుగు లోతు మట్టిలో పూడ్చేయాలి. కోడి ముక్కుతో పొడిస్తే నీళ్లు వచ్చే నిపుల్ లైన్‌లో నిలిచిన నీళ్లు కూడా వేడెక్కుతాయి. పన్నెండు నుంచి నాలుగు వరకు గంటకోసారి చివరి కుళాయి తిప్పి ఆ నీళ్లు బయటికి వదలాలి. గంట ఆకారంలో ఉండే బెల్ డ్రింకర్లు వాడేవాళ్లు ఉన్నవాటికి పావు వంతు అదనంగా వేలాడదీయాలి.

మన బోర్లలో సున్నం ఎక్కువ. అది నిపుల్‌లో, ఫాగర్ నాజిల్‌లో గట్టి పొరగా పేరుకుంటుంది. బ్యాచ్ ఖాళీ అయినప్పుడే నిమ్మ ఉప్పు ద్రావణం లైన్‌లో నింపి రాత్రంతా ఉంచి, మరుసటి రోజు మంచినీళ్లతో బాగా కడగాలి. తర్వాత లైన్ మొదట, మధ్యన, చివరన ఒక్కో నిపుల్ కింద నిమిషం సేపు గ్లాసు పట్టి చూడండి. పెద్ద కోళ్లకు 60 మి.లీ. కంటే తక్కువ వస్తుంటే ఆ నిపుల్ మార్చాల్సిందే. రొప్పే కోడి దాని దగ్గర ఎక్కువసేపు నిలబడదు.

ఎలక్ట్రోలైట్లు (లవణాల పొడి), విటమిన్ సి పొద్దున తొమ్మిదింటికే నీళ్లలో పడాలి, కోళ్లు వాలిపోయినాక ఇస్తే ఫలితం తక్కువ. మోతాదు ప్యాకెట్ మీద చూసుకోండి. వంటసోడా దాణాలో కలపడమే మేలు, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులో. సున్నపు నీళ్లలో సోడా కలిపితే పైపు ఇంకా త్వరగా పూడుతుంది. నీళ్లలో వ్యాక్సిన్ ఇచ్చేది ఉంటే రెండు రోజుల ముందు నుంచి క్లోరిన్ ఆపి, సూర్యుడు రాకముందే ఇవ్వడం ముగించాలి.

దాణా

దాణాలో ఏముందో రైతు చేతిలో లేకపోవచ్చు, ఎప్పుడు పెట్టాలన్నది మాత్రం రైతు చేతిలోనే ఉంది. తిన్న దాణా అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది, అది నాలుగు నుంచి ఆరు గంటల తర్వాత ఎక్కువవుతుంది. పదకొండింటికి తిన్న కోడికి ఆ వేడి, బయటి ఎండ రెండూ మూడు గంటల వేళకు కలిసి వస్తాయి. అందుకే తొమ్మిదిన్నరకు ఫీడర్లు పైకెత్తి, షెడ్డు చల్లబడినాక ఆరింటికి దించాలి. అన్ని ఫీడర్లూ నింపిన తర్వాత అన్నిటినీ ఒకేసారి దించాలి. ఒక్కొక్కటిగా దించితే ఆకలి మీద ఎగబడి ఒకదాని మీద ఒకటి పడతాయి. రాత్రి పదకొండు వరకు, తెల్లవారుజామున మూడు నుంచి లైట్లు వేస్తే పోయిన మేత చాలావరకు తిరిగి వస్తుంది.

ఒక మాట తప్పకుండా అడగండి: పేగులకు వచ్చే కాక్సిడియా జబ్బుకు మందుగా దాణాలో నికార్బజిన్ కలిసి ఉందా? ఎండల్లో ఆ మందు ఉన్న దాణా తిన్న కోళ్లు వేడికి త్వరగా చనిపోతాయి. ఉంటే వేరే మందు ఉన్న దాణా పంపమనండి.

వాన పడిన మరుసటి రోజు

అందరూ 44 డిగ్రీల రోజుకు భయపడతారు. పొడి ఎండలో ఫాగర్లు, ఫ్యాన్లు బాగా పనిచేస్తాయి. ఫాగర్ రెండు మూడు నిమిషాలు, ఆపి పది నిమిషాలు, ఫ్యాన్ మాత్రం ఆగకుండా తిరిగితే షెడ్డు బాగా చల్లబడుతుంది. అసలు ప్రమాదం మే నెలలో సాయంత్రం గాలివాన పడి, మరుసటి రోజు గాలి స్తంభించి ఉక్కపోసినప్పుడు. ఎండ 38 డిగ్రీలే ఉంటుంది, కోళ్లు మాత్రం ఎక్కువ పోతాయి. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే రొప్పినా ఒంటి వేడి బయటికి పోదు. ఆ రోజు అలవాటు కొద్దీ ఫాగర్లు వేయడం పెద్ద పొరపాటు.

తేమ మీటరు ఒకటి కొని కోడి ఎత్తులో వేలాడదీయండి. 70 శాతం దాటితే ఫాగర్లు బంద్. పరదాలన్నీ ఎత్తేయాలి, ఫ్యాన్లన్నీ వేయాలి, దాణా ఏడున్నరకే తీసేయాలి. గంటకోసారి షెడ్డులో మెల్లగా నడిచి కూర్చున్న కోళ్లను లేపితే కింద చిక్కుకున్న వేడి పోతుంది, అవి నీళ్ల దగ్గరికీ వెళతాయి. తరమకూడదు, పట్టుకోకూడదు. వాలిపోయిన కోడిని తల పైన ఉంచి ఒళ్లంతా చల్లటి నీళ్లలో ముంచి నీడలో వదిలితే కొన్ని తేరుకుంటాయి.

గాలివానకు స్తంభాలు పడి కరెంటు పోయేదీ అప్పుడే. ఏప్రిల్ ఒకటికల్లా జనరేటర్‌ను ఫ్యాన్లు, మోటారు కలిపి గంటసేపు నడిపి చూడండి. ఖాళీగా స్టార్ట్ చేసి ఆపేస్తే లోడ్ మోస్తుందో లేదో తెలియదు. పది గంటలకు సరిపడా డీజిల్ ఇంట్లో ఉండాలి. అన్ని వైపులా మూసి ఫ్యాన్లతోనే గాలి, చల్లదనం ఇచ్చే ఈసీ షెడ్డులో ఫ్యాన్లు ఆగితే పెద్ద కోళ్లు అరగంట కూడా తట్టుకోలేవు. వాటికి అలారం, కరెంటు పోగానే తనంతట తాను మారే స్విచ్ తప్పనిసరి.

లిఫ్టింగ్ రాత్రి పది తర్వాతే. పట్టే నిమిషం వరకు నీళ్లు తీయవద్దు. మామూలుగా వేసేదానికంటే బాక్సుకు రెండు కోళ్లు తక్కువ వేయించి, లోడైన బండిని నిలబెట్టకుండా పంపేయాలి.

పోయిన ప్రతి కోడినీ ఎండ ఖాతాలో రాయవద్దు. వడదెబ్బ చావులు మధ్యాహ్నం రెండు నుంచి చీకటి పడే వరకు ఉంటాయి, బాగా బరువున్నవే పోతాయి, కోసి చూస్తే రొమ్ము మాంసం ఉడికినట్టు పాలిపోయి ఉంటుంది. చల్లటి తెల్లవారుజామున కూడా పోతుంటే, చిన్నవీ పోతుంటే, పచ్చటి రెట్ట, మెడ తిరగడం కనిపిస్తే కొక్కెర తెగులును (రాణిఖేత్) అనుమానించాలి. ఎండల్లో శవం త్వరగా కుళ్లుతుంది కాబట్టి అప్పుడే చనిపోయిన రెండు మూడు కోళ్లను ఐస్‌లో పెట్టి దగ్గరి పశువైద్యశాలకు, కడప జిల్లావాళ్లయితే ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకు తీసుకెళ్లి పోస్ట్‌మార్టం చేయించాలి. మిగతావాటిని బోరుకు దూరంగా లోతు గుంతలో సున్నం చల్లి, కుక్కలు తవ్వకుండా అదే రోజు పూడ్చాలి.